సద్దిమూట నుంచి ఫుడ్ కోర్టు దాకా

పోయిన దసరా సెలవులకు హైదరాబాద్ తీసుకుపోవాలని మా పిల్లలు ఎండాకాలం నుంచే వెంటపడ్డారు. పెద్ద పెద్ద ఆటలు, నీళ్ళ జారుడుబండలు ఉండే పార్కు చూడాలట. ఒక రాత్రి నేనూ మా ఆయనా నోటుబుక్కు ముందేసుకొని కూర్చున్నాం. బస్సు ఛార్జీలు, పార్కు టికెట్లు, ఆటోలు అని రాసుకుంటూ వచ్చి "తిండి" దగ్గర ఆగాం.

"అది అక్కడ చూసుకుందాం, పై ఖర్చుల్ల రాయి" అన్నాడు ఆయన.

పక్కన కూర్చొని ఎల్లిపాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ తలెత్తి, "తొవ్వల తినేటందుకు పైసలెందుకు బిడ్డా? సద్ది కట్టుకపోతే అయిపాయె గద" అన్నది.

ఇద్దరి మాటా నాకు మింగుడు పడలేదు. ఎందుకంటే మూడేళ్ళ కింద ఈ రెండు పద్ధతులూ ఒకే రోజు చేసి చూశాం. అప్పుడు మా ఆడబిడ్డ వాళ్ళింట్లో దిగి, ఒక పార్కుకు పోయాం. ముందురోజు రాత్రి రెండింటికి లేచి పులిహోర కలిపాను, చపాతీలు చేశాను, ఆలుగడ్డ వేపుడు, పెరుగన్నం డబ్బాల్లో సర్దాను. పార్కు గేటు దగ్గర సంచి విప్పించి చూసి, బయటి తిండి లోపలికి రానియ్యమన్నారు. సామాను గదిలో పెట్టొచ్చు కానీ ఆ ఎండకు సాయంత్రం దాకా ఏం ఆగుతుంది? సగం ఆటో వాళ్ళకు పంచిపెట్టాను, సగం పాడైపోయింది.

లోపల ఆటల దగ్గర లైన్లలో నిలబడేసరికి మధ్యాహ్నం రెండయింది. మా అత్తమ్మకు షుగర్ ఉంది. కళ్ళు తిరుగుతున్నాయని అక్కడే మెట్ల మీద కూలబడింది. గాబరాగా ఎదురుగా కనిపించిన కౌంటర్‌లో ధర కూడా చూడకుండా కొన్నాం. బిల్లు చూసి మా ఆయన ముఖం మాడిపోయింది. నేను నాలుగు ప్లేట్లే తెమ్మన్నాను. "నాకు ఆకలిగా లేదు" అన్నాను. ఆ మాట మీలో ఎంతమంది ఎన్నిసార్లు అనుంటారో నాకు తెలుసు.

తప్పు ఎక్కడ జరిగిందా అని చాలా రోజులు ఆలోచించాను. అత్తమ్మ కాలంలో తిండికి పైసలు ఎందుకు అవసరం లేకపోయెను? మనకు ఎందుకు అవసరమైంది? ఆలోచిస్తే అది మా ఒక్క ఇంటి కథ కాదు, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది.

మా జైనూర్ చుట్టుపక్కల ఇంటిల్లిపాదీ ఊరు దాటి పోయేది జాతరకే. కేస్లాపూర్ నాగోబా జాతర మాకు దగ్గర. పుష్య అమావాస్యకు మెస్రం వంశం గోండులు అక్కడ పూజ చేస్తారు. అంతకుముందు జన్నారం వైపు హస్తలమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచిపోయి గోదావరి నీళ్ళు తెస్తారు. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయిస్తారు. కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద ఎడ్లబండ్లు ఆపుకొని రోజుల తరబడి ఉంటారు. ఎన్ని కుటుంబాలు వచ్చినా గోవాడలో 22 పొయ్యిల మీదనే వంట. ఇంటికో పొయ్యి అనే లెక్క లేదు. వంశంలోని శాఖల లెక్కన పంచుకున్న పొయ్యిలవి. కొత్త కోడళ్ళను దేవునికి చూపించే భేటింగ్ కూడా ఆ రోజుల్లోనే.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం ప్రాణాలిచ్చిన తర్వాత, గోండుల కష్టం ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మా మండలంలోని మార్లవాయిలో ఉన్నారు. జాతరకు అంతమంది ఒకచోట చేరుతున్నారు కదా, అధికారులే అక్కడికి వచ్చి వాళ్ళ బాధలు వినాలని నాగోబా దర్బారు మొదలైంది ఆ కాలంలోనే. జనం అన్ని రోజులు అక్కడ నిలవగలిగారంటే, బండ్లలో బియ్యం, జొన్నలు, పప్పు వెంట వచ్చాయి కాబట్టి. పొయ్యి వెలిగించే చేతులు వచ్చాయి కాబట్టి.

మా అత్తమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాయినతో బండిలో జాతరకు పోయేదట. బండిలో జొన్నపిండి, ఎండుమిరపకాయలు, ఒక కుండ, రెండు గిన్నెలు. చేతిలో పైసలు పేలాలకూ మిఠాయికీ మాత్రమే. "మరి వంట ఎవరు చేసేటోళ్ళు?" అని అడిగితే, "ఇంకెవరు? మా అమ్మ" అన్నది. "జాతరల ఆటలు చూసేదా మీ అమ్మ?" అంటే కాసేపు ఏమీ అనలేదు. "ఏమో బిడ్డా, నాకైతే ఆమె పొయ్యి కాడనే యాదికొస్తది" అన్నది.

సద్ది అంటే మనకు ఎంత ఇష్టమో చెప్పక్కర లేదు. బతుకమ్మ ఆఖరి రోజును సద్దుల బతుకమ్మ అనే పిలుచుకుంటాం. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగు సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది చేసి చెరువుగట్టు మీద పంచుకొని తింటాం. దాని రుచి, ఆ మర్యాద నేను కాదనను. కానీ ఆ సద్ది ఊరికే రాలేదు. దాని ఖరీదు పైసల్లో కాకుండా ఒక ఆడమనిషి నిద్రలో కట్టారు. నోటుబుక్కులో అది ఎప్పుడూ ఎక్కలేదు, అంతే.

జాతర తర్వాత పట్నంలో మనవాళ్ళు ఎరిగిన పెద్ద సంబరం నుమాయిష్. 1938లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో, ఉస్మానియాలో చదివిన కొందరి పూనికతో చిన్నగా మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా జనవరి 1న మొదలవుతుంది. దానికి గేటు ఉంది, టికెట్టు ఉంది, లోపల జెయింట్ వీల్ ఉంది. అయినా కొట్లు వందల మందివి. ఒక దగ్గర మిర్చి ధర ఎక్కువైతే పక్క కొట్టుకు పోవచ్చు. టిఫిన్ క్యారేజీ తెచ్చుకొని గడ్డి మీద కూర్చొని తిన్న కుటుంబాలు ఎన్నో.

థీమ్ పార్కు సంగతి వేరు. 1955 జులై 17న అమెరికాలోని అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. తన ఆడపిల్లలు రంగులరాట్నం తిరుగుతుంటే తాను బల్ల మీద ఖాళీగా కూర్చున్నప్పుడు, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఉండాలనే ఆలోచన వచ్చిందని వాల్ట్ డిస్నీ చెప్పేవాడు. తెరిచిన మొదటి రోజే అక్కడ తిండి అయిపోయింది. ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీళ్ళ కొళాయిలు చాలావరకు పనిచేయలేదు. ఉన్న సమయంలో మరుగుదొడ్లా, తాగునీళ్ళా అంటే మరుగుదొడ్లే ముందు పూర్తి చేయించాడు. కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే నీళ్ళు ఆపారని జనం కోప్పడ్డారు. అంటే పార్కులో తిండీ నీళ్ళ పంచాయితీ పార్కు పుట్టిన రోజునే పుట్టింది!

మన దేశంలో ఢిల్లీలో అప్పు ఘర్ 1984లో, ముంబైలో ఎస్సెల్ వరల్డ్ 1989లో వచ్చాయి. హైదరాబాద్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో, రావిర్యాలలో వండర్‌లా 2016లో వచ్చాయి. ఇట్లాంటి చోట్ల గోడ ఒకటే, గేటు ఒకటే, యజమానీ ఒకరే. ఒకసారి లోపలికి పోతే రోజంతా అక్కడే. బయటికి పోయి తిని వద్దామంటే కుదరదు. ఆటలు నడపడానికి టికెట్టు డబ్బుతో పాటు తిండి అమ్మకం కూడా వాళ్ళకు ఆదాయం. అందుకే చాలా పార్కుల్లో బయటి తిండికి అడ్డు చెబుతారు. సినిమా హాళ్ళ విషయంలో సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఇట్లాంటి మాటే చెప్పింది. బయటి తిండి వద్దనే హక్కు హాలు యజమానికి ఉంది, కానీ తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండి తెచ్చుకోనివ్వాలి అని. అది హాళ్ళ గురించి. పార్కు నియమాలు పార్కుకు ఒక తీరుగా ఉంటాయి కాబట్టి, బయలుదేరే ముందే ఫోన్ చేసి అడగడం మన పని.

ఇదంతా తెలిశాక నోటుబుక్కులో తిండికి పూర్తిగా ఒక పేజీ ఇచ్చాను. మేం ఐదుగురం. నేను, మా ఆయన, అత్తమ్మ, బిడ్డ, కొడుకు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం కదా. మా ముగ్గురి ఛార్జీలు మిగిలాయి. ఆయనకు ఫుల్లు, కొడుక్కు హాఫ్ టికెట్టు. ఆ మిగిలినదాన్ని వేరే దాంట్లో కలవనియ్యకుండా తిండి డబ్బాలో వేశాను. నెలకు 500 చొప్పున ఆరు నెలలు అనుకున్నాం. అంటే 3,000. బస్సు మిగులు అందులో మొదటి నెల వాటా.

పోయేటప్పుడు బస్సులో తినడానికి మాత్రం సద్ది. జొన్నరొట్టెలు, పల్లిపొడి, సకినాలు. పులిహోర పెట్టుకోలేదు. పొద్దున పట్నంలో దిగినంక బయటి హోటల్‌లో ఇడ్లీ, మనిషికి 60 లెక్కన 300. పార్కులో మధ్యాహ్నం భోజనం మనిషికి 300, ఐదుగురికి 1,500. పిల్లల ఐస్‌క్రీమ్, చాయ్‌లకు 400. రాత్రి తిరుగు బస్సు ఎక్కేముందు బయట భోజనం మనిషికి 120, మొత్తం 600. అనుకోని దానికి 200. అన్నీ కలిపితే 3,000.

పక్కన ఇంకో గడి గీశాను. "చేతిపని" అని. సకినాలు అత్తమ్మ, నేను కలిసి చేశాం, ఒక సాయంత్రం. రొట్టెలు నావి, పల్లిపొడి దంచింది మా ఆయన. నేను రాత్రి పది తర్వాత పొయ్యి ముట్టుకోలేదు.

పార్కులో పన్నెండున్నరకే తినడానికి కూర్చున్నాం. అప్పుడు లైను ఉండదు, అత్తమ్మ మందు వేళా తప్పదు. ఆమె బిస్కెట్లు, మందులు తీసుకుపోవచ్చా అని ముందే అడిగి ఉంచాను. కౌంటర్ దగ్గర ధరల బోర్డు నెమ్మదిగా చదివి, పిల్లలతోనే లెక్క కట్టించాను. బిడ్డ 1,440 అని తేల్చి, మిగిలిన 60కి ఏం కొందామని తమ్ముడితో కొట్లాడింది.

ఐదు ప్లేట్లు వచ్చాయి. నా ముందు కూడా ఒకటి. అన్నం కొంచెం పలుకు, పప్పులో ఉప్పు తక్కువ. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, "మనింట్ల పప్పే నయం" అన్నది. తర్వాత నా దిక్కు చూసి, "తిను బిడ్డా, వేడి వేడిగ తిను. మా అమ్మ జాతరల ఎన్నడు గిట్ల కూసోలేదు" అన్నది.

ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో 110 రూపాయలు మిగిలాయి. వచ్చే ఏడు మేడారం పోదామంటున్నాడు మా ఆయన. అక్కడైతే చెట్టు కింద పొయ్యి పెట్టుకోవచ్చు, తిండి ఖర్చు ఉండదని ఆయన సంబరం. సరే అన్నాను. నోటుబుక్కు తీసి "చేతిపని" గడి ముందు గీసి, ఎవరు ఏం చేస్తారో పేర్లు రాయమని ఆయన చేతికిచ్చాను.