పదారు వన్నెలు, పది మార్కులు

పోయిన వేసవిలో మా అక్క మెళ్లో గొలుసు మార్చుకోవాలని సూళ్లూరుపేట బజారులో తనకు అలవాటైన ఆచారి గారి కొట్టుకు బయల్దేరింది. నన్నూ, టెక్సస్ నుంచి సెలవులకు వచ్చిన తన మనవడినీ వెంటబెట్టుకుంది. ఆచారి గారు గొలుసును నల్లరాయి మీద గీశారు. దాని పక్కనే తనకు వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీటు గీసి, రెండింటి మీదా యాసిడ్ చుక్క తాకించారు. ఏది నిలిచిందో, ఏది కరిగిందో రాయిని వెలుతురుకు తిప్పి అక్కకు చూపించారు. పిల్లవాడు అదంతా కన్నార్పకుండా చూశాడు. చూసి, సంచిలోంచి ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బా తీశాడు. లోపల బాస్కెట్‌బాల్ ఆటగాడి బొమ్మ కార్డు, పైన ఒక చీటీ, దాని మీద 9 అంకె.

"తాతయ్యా, ఇది అసలుదో కాదో ఈయన చెప్తారా?"

ఆచారి గారు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశారు. "తెరిస్తే గదా అబ్బయ్యా చెప్పేది" అన్నారు. తెరిస్తే దాని రేటు పడిపోతుందన్నాడు వీడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పరీక్ష అంటే వస్తువును తెరిచి చూపించడమని నమ్మిన ఊళ్లో పెరిగినవాణ్ణి. వస్తువును మూసేస్తేనే నమ్మకం అనే పద్ధతి ఎప్పుడు, ఎక్కడ పుట్టిందా అని వెతకడం మొదలుపెట్టాను.

సరుక్కి అంకె వేయడం మనకు కొత్త కాదు. బంగారాన్ని వన్నెల్లో లెక్కగట్టాం. పదారు వన్నె అంటే మేలిమి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాణేల మంచిచెడ్డలు చూసే అధికారికి రూపదర్శకుడని పేరు. అదే గ్రంథం గీటురాయి దగ్గర జరిగే మోసాలను కూడా వివరంగా చెప్పింది. సరుకు మీదే కాదు, సరుకు చూసేవాడి చేతి మీదా కన్నుండాలని అప్పటికే తెలుసన్న మాట. పాత ముద్రల వెండి నాణేల మీద సరాఫులు పరీక్షించి కొట్టిన చిన్న చిన్న గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. మన దేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి చక్రవర్తి ముఖం మీద ఉలి గాటు ఉంటుంది. అచ్చం వాటిలాగే ఇక్కడ చేసిన నకళ్లూ దొరికాయి.

రోమన్ నాణేలంటే మా నెల్లూరు సంగతి చెప్పాలి. (సూళ్లూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నా, మా నోట ఇంకా నెల్లూరు జిల్లాయే.) 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, వాటి కింద ఒక కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు మూసలో కరిగిపోయాయి. ముప్పై పైచిలుకు మాత్రం మిగిలాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలోంచి రెండు ఏరుకున్నాడు. ఒకటి చక్రవర్తి హేడ్రియన్‌ది, ఒకటి మహారాణి ఫౌస్టీనాది. ఆయన కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఒక సంగతి నన్ను పట్టి ఆపింది. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్ని అరిగి, బెజ్జాలు పడి, ఒంటి మీద నగలుగా వాడినట్టున్నాయట. కొన్నవాళ్లు చూసింది లోహం, డేవిడ్‌సన్ చూసింది స్థితి. అసలుదా కాదా అన్నది ఒక ప్రశ్న. ఎంత బాగుంది అన్నది ఇంకో ప్రశ్న. ఆ రెండో ప్రశ్న మీదే నాణేలకూ కార్డులకూ అంకె వేసే ఈనాటి గ్రేడింగు వ్యాపారమంతా నిలిచింది. "టంకశాల కొత్తదనం", అంటే మింట్ అనే మాటే అందులో పై మెట్టు.

ఆ మెట్లకు అంకెలు కట్టినవాడు విలియం షెల్డన్. 1949లో అమెరికా పాత రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద ఇచ్చాడు. డెబ్బై ఎందుకంటే, బాగా అరిగిన నాణెం ఒక డాలరైతే, మచ్చలేనిది డెబ్బై పలుకుతుందని ఆయన లెక్క. రేటు నుంచి పుట్టిన అంకె అది. షెల్డన్ పోయాక తేలిన సంగతి ఇంకా బాధాకరం: అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండాగారంలోని మంచి సెంట్లను తీసుకుని, వాటి చోట నాసివి పెట్టింది ఆయనే.

1986లో పీసీజీఎస్ అనే సంస్థ నాణేన్ని ప్లాస్టిక్‌లో సీలు చేసి, అంకె వేసి ఇవ్వడం మొదలుపెట్టింది. దాని స్థాపకుల్లో ఒకరైన డేవిడ్ హాల్ 1991లో ఆట కార్డులకు పీఎస్‌ఏ తెచ్చాడు. ఇక్కడ కొలబద్ద 1 నుంచి 10.

ఆట కార్డులు జనంలోకి వచ్చింది సిగరెట్ పెట్టెల్లో. పెట్టె నలగకుండా లోపల పెట్టిన అట్టముక్క మీద బొమ్మ వేస్తే గిరాకీ పెరిగింది. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో క్రికెటర్ల బొమ్మలు వేసింది. అమెరికాలో 1909–11 మధ్య వచ్చిన బేస్‌బాల్ కార్డుల్లో హోనస్ వాగ్నర్‌ది బహు అరుదు. 1991లో సదబీస్ వేలంలో ఒక వాగ్నర్ కార్డును హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్‌ఏ మొట్టమొదట అంకె వేసింది దానికే. 8 వేసింది.

ఆ కార్డు అంచులు కత్తిరించినవి. దాన్ని 1985లో కొని తర్వాత అమ్మిన బిల్ మాస్ట్రో, వేలం మోసాల కేసులో 2013లో నేరం ఒప్పుకుంటూ, ఆ అంచులు తానే కత్తిరించానని చెప్పాడు. 2015లో ఆయనకు 20 నెలల జైలు పడింది. అరిగిన అంచు చెక్కేస్తే మూలలు పదునుదేరి కార్డు కొత్తదిలా కనిపిస్తుంది. కత్తిరించిన కార్డుకు అంకె వేయకూడదన్నది ఆ రంగంలో అందరూ ఒప్పుకున్న నియమం. మొదటి కార్డుతోనే ఆ నియమం తప్పింది. అయినా 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

కార్డు చూసేవాళ్ల పనిని తక్కువ చేసి చెప్పడం లేదు. కొలతలు తీస్తారు, భూతద్దం కింద అచ్చు చుక్కల అమరిక చూస్తారు, అతినీలలోహిత కాంతి పట్టి కాగితం వయసు చూస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాగితాల్లో కలిపే తెలుపు రసాయనం ఆ వెలుగులో మెరుస్తుంది. 1910 నాటి కాగితం అలా మెరవకూడదు. నకలు అచ్చు చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. దొరకనిది అసలు కార్డుకే చేసిన మరమ్మతు. 2019లో సేకర్తలు పాత వేలాల ఫోటోలను పక్కపక్కన పెట్టి, ఒకే కార్డు ముందు మొద్దుబారిన మూలలతోనూ, తర్వాత పెద్ద అంకెతోనూ అమ్ముడైనట్టు చూపించారు. అలాంటివి చాలా బయటపడ్డాయి. ఆ తర్వాతి మెట్టు డబ్బాకే నకలు. 2024లో న్యూయార్కు ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఇద్దరి మీద పెట్టిన కేసు అదే: చవక కార్డులను దొంగ డబ్బాల్లో పెట్టి, పెద్ద అంకెలు వేసి, 20 లక్షల డాలర్లకు పైగా మోసం చేశారని ఆరోపణ.

మన దగ్గర నగలకు హాల్‌మార్క్ 2021 జూన్‌లో మొదట 256 జిల్లాల్లో తప్పనిసరైంది. అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తును ఎవరైనా ఫోన్‌లో సరిచూసుకోవచ్చు. దాని మీద నాకు గౌరవం ఉంది. ఎందుకంటే, ముద్ర పడ్డాక కూడా గొలుసు మెళ్లోనే ఉంటుంది. అనుమానం వస్తే రేపు ఇంకో రాయి మీద గీయవచ్చు. కార్డు డబ్బాకు ఆ వీలు లేదు. మళ్లీ చూడాలంటే పగలగొట్టాలి, పగలగొడితే అంకె పోతుంది. అందుకని ఎవరూ చూడరు, తప్పు పడితే అది చేతులు మారుతూ పోతుంది.

సెలవులైపోయి పిల్లవాడు వెళ్లే ముందు, ఆచారి గారు వాడే భూతద్దం లాంటిదే ఒకటి వాడికి కొనిచ్చాను. పోయిన వారం ఫోన్ చేశాడు. బొమ్మలో ఎరుపు, నీలం, పసుపు చుక్కలు పూరేకుల్లా పేర్చినట్టు కనబడుతున్నాయట, అచ్చు మంచిదేననిపిస్తోందట. "మరి అంచు చూశావట్రా?" అని అడిగాను. ఎదురుగా కనబడుతోంది గానీ, కోసిన వైపు నుంచి చూద్దామంటే డబ్బా అడ్డమొస్తోంది తాతయ్యా, అన్నాడు.