చిన్నపిల్లల క్యాన్సర్‌పై పరిశోధన చేస్తారా? పీహెచ్‌డీ తర్వాత దారులివే.. జైనూర్ ఏజెన్సీ విద్యార్థులకూ ఛాన్స్

జైనూర్: పిల్లల క్యాన్సర్ అనగానే డాక్టర్లే గుర్తొస్తారు. కానీ ఆ డాక్టర్ చేతికి మందు అందాలంటే ల్యాబ్‌లో ఎవరో ఏళ్ల తరబడి పనిచేయాలి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ లాంటి ఏజెన్సీ మండలాల నుంచి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వైపు అడుగేస్తున్నవారు తెలుసుకోవాల్సిన వివరాలివి.

పోస్ట్‌డాక్ అంటే ఏంటి?
పీహెచ్‌డీ పూర్తయ్యాక ఒక సీనియర్ శాస్త్రవేత్త ల్యాబ్‌లో చేరి, నెలనెలా ఫెలోషిప్ తీసుకుంటూ సొంత ప్రాజెక్టుపై పనిచేయడమే పోస్ట్‌డాక్. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్లు ఉంటుంది. సొంత ల్యాబ్ పెట్టుకోవాలంటే ఇదే మెట్టు.

పిల్లల క్యాన్సర్ వేరే ఎందుకు?
పెద్దల్లో పొగాకు, వయసు లాంటివి ఏళ్ల తరబడి జన్యువులను దెబ్బతీస్తాయి. పిల్లల్లో అలా కాదు. ఎదిగే దశలోనే కణం దారి తప్పుతుంది. జన్యు మార్పులూ తక్కువే. అందుకే పెద్దల మందులు అన్నిసార్లూ పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 4 లక్షల మంది పిల్లలు, టీనేజర్లు క్యాన్సర్ బారిన పడుతున్నారు. ధనిక దేశాల్లో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, చాలా పేద దేశాల్లో ఆ సంఖ్య 30 శాతం లోపే.

దారి చూపింది మనోడే
భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్స్‌లో పనిచేశారు. ఆయన బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలపై వాడారు. 1948 జూన్‌లో వచ్చిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మెరుగైంది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను లుకేమియా పిల్లలకు నేటికీ వాడుతున్నారు.

మన దగ్గర అవకాశాలు
* ఏఎన్‌ఆర్‌ఎఫ్ నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్: రెండేళ్లు. వయోపరిమితి 35 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు.
* డీబీటీ రీసెర్చ్ అసోసియేట్‌షిప్: బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ వారికి.
* ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్: ఐదేళ్లు. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ల్యాబ్‌ల విషయానికొస్తే హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, పిల్లల కంటి క్యాన్సర్‌కు ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, నవీ ముంబైలో టాటా మెమోరియల్‌కు చెందిన యాక్ట్రెక్ ఉన్నాయి.

విదేశాలకు వెళ్లాలంటే?
మెంఫిస్‌లోని సెయింట్ జూడ్, బోస్టన్‌లోని డానా-ఫార్బర్, నెదర్లాండ్స్‌లోని ప్రిన్సెస్ మాక్సిమా సెంటర్ ఈ రంగంలో పేరున్నవి. యూరప్‌కు మేరీ క్యూరీ ఫెలోషిప్ ఉంది. ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఏటా 20 మందికి అవకాశం. అందులో 3 ఆదిమ గిరిజన తెగలకే. అంటే గోండు విద్యార్థులతో పాటు కొలాం, తోటి విద్యార్థులూ దీనిపై కన్నేయొచ్చు. పీజీ, పీహెచ్‌డీతో పాటు పోస్ట్‌డాక్‌కూ ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది.

ఎలా అప్లై చేయాలి?
ముందు మెంటర్‌ను వెతకాలి. ఆ ల్యాబ్ ఈ మధ్య వేసిన పేపర్లు చదివి, మీకొచ్చిన టెక్నిక్‌లు, చేయాలనుకున్న పని ఒక్క పేజీలో రాసి మెయిల్ చేయాలి. మెంటర్ ఒప్పుకున్నాకే ప్రాజెక్టు ప్రపోజల్, సంస్థ అంగీకార పత్రం సిద్ధమవుతాయి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే టైమ్ చాలదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి తాజా ప్రకటన తప్పక చూడాలి.

తల్లిదండ్రులూ గమనించండి
పిల్లల్లో తగ్గని జ్వరం, ఒళ్లు పాలిపోవడం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, మెడలో గడ్డలు, ఫొటోలో కంటిపాప తెల్లగా మెరవడం కనిపిస్తే ఆలస్యం వద్దు. వెంటనే దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రిలో చూపించాలి. అక్కడి నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు గానీ, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి గానీ రాయించుకోవచ్చు. త్వరగా గుర్తిస్తే చాలా పిల్లల క్యాన్సర్లు నయమవుతాయి.