ముగ్గురు ద్రౌపదులు

1936 నాటికి తెలుగు టాకీ ఇంకా నాటకం చెయ్యి వదల్లేదు. పద్యం ఎత్తుకుంటే కెమెరా ఎక్కడిదక్కడే నిలబడి వినేది. ఆ ఏడాది ఒకే కథతో రెండు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. లక్ష్మీ ఫిలిమ్స్ వారిది 'ద్రౌపదీ మానసంరక్షణం', సరస్వతీ టాకీస్ వారిది 'ద్రౌపదీ వస్త్రాపహరణం'. మొదటిదాంట్లో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, ద్రౌపది సురభి కమలాబాయి, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. రెండోదాంట్లో యడవల్లి సూర్యనారాయణ, కన్నాంబ, సీయస్సార్. రంగస్థలమే రెండు జట్లుగా చీలి తెరకెక్కినట్టుంది వ్యవహారం.

ఈ రెంటినీ తూకం వేసినవాడు బందరు కుర్రాడు. పేరు కమలాకర కామేశ్వరరావు, వయసు పాతికేళ్లు. 'కృష్ణాపత్రిక'లో మారుపేరుతో సినిమా సమీక్షలు రాసేవాడు. ముట్నూరి కృష్ణారావు సంపాదకుడిగా ఉన్న ఆ పత్రికలో స్వరాజ్యం, సాహిత్యం, కళల పక్కన సినిమాకీ ఓ పీట వేశారు. సినిమా అంటే పెద్దలు ముఖం చిట్లించే రోజులవి.

రాఘవ ఉన్న సినిమాను కాదనడానికి గుండె కావాలి. నాటకరంగాన ఆయనది అంత పేరు మరి. కామేశ్వరరావు మొగ్గు మాత్రం 'వస్త్రాపహరణం' వైపే. జనం కూడా అటే వెళ్లారు. నేల మీద చివరి వరుసలో కూర్చున్నవాడికి వినపడాలని పెంచిన గొంతు, కెమెరా ముందు అవసరానికి మించి మోగుతుంది. నాటకానికి వేసే మార్కులు తెరకు వెయ్యకూడదన్న ఎరుక తెలుగు సమీక్షకు ఇలాంటి పోటీల దగ్గరే పట్టుబడింది.

తప్పులు పట్టినవాణ్ని పనిలో పెట్టుకునే అలవాటు సినిమావాళ్లకు ఇప్పుడంతగా లేదు గానీ, అప్పట్లో ఉండేది. హెచ్.ఎం.రెడ్డి దగ్గర 'గృహలక్ష్మి' (1938)కి కామేశ్వరరావు పనిచేశాడు. అందులోనూ కన్నాంబే నాయిక. ఆ తర్వాత కె.వి.రెడ్డి 'పాతాళభైరవి' (1951)కి సహాయకుడయ్యాడు.

1954లో తొలిసారి మెగాఫోన్ పట్టాడు. విజయావారి 'చంద్రహారం'. ఎన్టీఆర్, ఎస్వీఆర్, ఘంటసాల సంగీతం, కళ్లు చెదిరే సెట్టింగులు. దేనికీ లోటు లేదు, సినిమా మాత్రం ఆడలేదు. హేమాహేమీలున్నా బోల్తా కొట్టే సినిమా గురించి పద్దెనిమిదేళ్ల కిందట రాసినవాడే ఇప్పుడు అలాంటిది తీసి కూర్చున్నాడు! కథ నత్తనడక నడిచిందని ఇవాళ చూసినా తెలిసిపోతుంది. బందరు రోజుల్లోనైతే ఆయన కలమే ముందు ఆ మాట అనేదేమో.

1962లో 'గుండమ్మ కథ'తో లెక్క సరిపోయింది. మరుసటి ఏడాది 'నర్తనశాల' తీసినప్పుడు ద్రౌపది మళ్లీ ఆయన చేతికొచ్చింది, ఈసారి సావిత్రి రూపంలో. కీచకుడి వేషం స్టేజీ మీద అరిచి మెప్పించడానికి అనువైనది. ఎస్వీ రంగారావు దాన్ని బరువైన కనురెప్పలతో, తొందర లేని నడకతో, ఓ పక్కకు వంకర తిరిగిన నవ్వుతో నడిపించాడు. సావిత్రి భయాన్ని కంఠంలో కన్నా కళ్లలోనే ఎక్కువ దాచుకుంది. వీళ్లను కెమెరా దగ్గరగా వెళ్లి చూసింది.

1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి రంగారావుకు, కళాదర్శకత్వానికి బహుమతి టి.వి.ఎస్.శర్మకు వచ్చాయి.