పేదల ఇళ్లు: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో పేదవాడి ఇల్లు ఏ ఒక్క శాఖ చేతిలోనూ పూర్తి కాదు. ఇంటి జాగకు పట్టా ఇచ్చేది రెవెన్యూ వాళ్లు. బిల్లు మంజూరు చేసేది గృహనిర్మాణ సంస్థ. బిల్లు పడేదాకా చేబదులు సర్దేది ఊళ్లోని మహిళా సంఘం. నల్లమల అడవిలోనైతే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), అటవీశాఖ కూడా తోడవుతాయి. ఈ గొలుసులో ఒక్క లంకె తప్పినా ఇల్లు మొండిగోడల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఉమ్మడి జిల్లాలంటే 2016 అక్టోబరు 11 నాటి విభజనకు ముందున్నవి. ఇప్పుడు మొదటిది నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. రెండోది మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో ఏర్పడిన నారాయణపేట.

పూర్వరంగం

ఇంటి కథ ఇక్కడ భూమి దగ్గరే మొదలవుతుంది. 1951 ఏప్రిల్ 18న గాంధేయవాది వినోబా భావే నల్గొండ జిల్లా పోచంపల్లికి వచ్చినప్పుడు అక్కడి దళిత కుటుంబాలు సాగుకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని లేచారు. అదే భూదానోద్యమానికి నాంది. భూదానం తర్వాత గ్రామదానంగా మారింది: భూమి ఊరిది, అనుభవం కుటుంబానిది. ఈ ఆలోచన సముద్రాలు దాటి అమెరికాలో రాబర్ట్ స్వాన్ లాంటివాళ్లను ఆకట్టుకుంది. 1969లో జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతుల కోసం ‘న్యూ కమ్యూనిటీస్’ ఏర్పడింది, 1984లో వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ నగరంలో కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు వెలిసింది. ట్రస్టు పద్ధతిలో నేల ట్రస్టుదిగానే ఉంటుంది, కుటుంబం ఇంటిని మాత్రమే కొనుక్కుంటుంది. అమ్ముకునేటప్పుడు ధరకు హద్దు ఉంటుంది కాబట్టి తర్వాత వచ్చే పేదవాడికీ ఆ ఇల్లు అందుబాటులో ఉంటుంది. పోచంపల్లి విత్తనం బర్లింగ్టన్‌లో ఇళ్లుగా మొలిచింది. హైదరాబాద్ చుట్టుపక్కల మాత్రం భూదాన భూములు రియల్ ఎస్టేట్ తగాదాల్లో చిక్కుకున్నాయి.

ఇళ్లు పోగొట్టుకున్న చరిత్ర కూడా ఈ ప్రాంతానికి ఉంది. శ్రీశైలం జలాశయం కింద కృష్ణ ఒడ్డు పల్లెలు మునిగాయి. 1981లో ఖాళీ చేయని ఇళ్లను ప్రభుత్వమే కూల్చింది. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో కలిపి సుమారు లక్షమంది నిర్వాసితులయ్యారు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి నేతగాళ్ల ఊరు రాజోలిని ముంచినప్పుడు ఇళ్లతో పాటు మగ్గాలూ పోయాయి.

పథకాల వరుస

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 2006లో మొదలైన ఇందిరమ్మ కార్యక్రమం ఊరిని యూనిట్‌గా తీసుకుని, ఇల్లు లేని ప్రతి కుటుంబానికీ ఇల్లివ్వాలనుకుంది. కట్టుకునేది లబ్ధిదారే. 2015లో వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకం దీన్ని తలకిందులు చేసింది. ప్రభుత్వ స్థలంలో కాంట్రాక్టరు 560 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఇచ్చేవాడు, పేదవాడు పైసా పెట్టనక్కర్లేకపోయింది. గ్రామాల్లో యూనిట్ ధర రూ. 5.04 లక్షలు, పట్టణాల్లో రూ. 5.30 లక్షలు. మహబూబ్‌నగర్ పట్టణానికి వీరన్నపేట, దివిటిపల్లి కాలనీలు ఇలా వచ్చినవే. ఇల్లు బాగుంది కానీ ఆ ధరకు ముందుకొచ్చే కాంట్రాక్టర్లు, కాలనీకి సరిపడా జాగ చాలాచోట్ల దొరకలేదు.

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ప్రస్తుత ఇందిరమ్మ ఇళ్ల పథకం మళ్లీ పాత దారికొచ్చింది. సొంత జాగ ఉన్నవారికి రూ. 5 లక్షలు, నాలుగు విడతల్లో, ఇంటి ఆడమనిషి పేరున. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 2025 జనవరి 26న కోస్గి మండలం చంద్రవంచలోనూ, ఫిబ్రవరిలో నారాయణపేట దగ్గర అప్పక్‌పల్లిలోనూ ముఖ్యమంత్రి దీన్ని క్షేత్రస్థాయిలో మొదలుపెట్టారు.

ముగ్గు నుంచి స్లాబు దాకా

మంజూరు పత్రం చేతికొచ్చాక మొదటి పని ముగ్గు పోయడం. మేస్త్రీ తాడు పట్టి మూలమట్టం చూసి సున్నంతో గీతలు వేస్తాడు. పంచాయతీ కార్యదర్శి ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తాడు. అయితే ముగ్గుకు డబ్బు పడదు. పునాది లేచి బేస్మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష. అంటే కంకర, సిమెంటు, సలాక, కూలి అంతా ముందు లబ్ధిదారే పెట్టుకోవాలి. రోజు కూలి మీద బతికే మనిషికి అది ఎక్కడి నుంచి వస్తుంది?

మహిళా సంఘాల అసలు పాత్ర ఇక్కడుంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లలో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే నడిపింది. 2000లో మొదలైన ‘వెలుగు’ తొలి ఆరు జిల్లాల్లోనూ మహబూబ్‌నగర్ ఉంది. పొదుపు సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అన్న అంచెలు పాలమూరు (మహబూబ్‌నగర్) ఆడవాళ్లకు పాత అలవాటే. పని మొదలుపెట్టలేని లబ్ధిదారులకు ఇప్పుడు ఆ సంఘాల ద్వారానే లక్ష దాకా అప్పు ఇప్పిస్తున్నారు. బిల్లు పడగానే తీర్చాలి. ఇసుక ఉచితమే అయినా ట్రాక్టరు కిరాయి ఉండనే ఉంటుంది.

లబ్ధిదారుల ఎంపికకు ఇందిరమ్మ కమిటీలున్నాయి. వాటిలో మహిళా సంఘాల నుంచి ఇద్దరుంటారు. కమిటీలు అధికార పార్టీ వాళ్లతో నిండాయన్న విమర్శ ఊరూరా వినిపిస్తుంది, దాన్ని కొట్టిపారేయలేం. అయినా వానకు ఎవరి రేకులు కారుతున్నాయో, ఎవరికి పట్నంలో ఇంకో ఇల్లుందో కలెక్టరేట్ కంటే సంఘం సమావేశానికే బాగా తెలుసు.

ఒకే కొలత సరిపోని వాళ్లు

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గద్వాల, నారాయణపేట నేతగాళ్లకు ఇల్లే కార్ఖానా. గుంటమగ్గం కింద కాళ్లాడేందుకు నేలలో గొయ్యి ఉండాలి. అందులో నీరూరితే నేత ఆగిపోతుంది. ఆసు పోయడానికి గోడవార చోటు, పడుగు చాపడానికి వీధిలో నిడివి కావాలి. మేడమీది ఫ్లాటులో గొయ్యి తవ్వడం కుదరదు. 1980లలో కేంద్రం తెచ్చిన ఇల్లు, వర్క్‌షెడ్ కలిసిన పథకం ఈ సంగతి గుర్తించింది. చేనేత సహకార సంఘాలను కలుపుకోకుండా గీసిన ఏ ఇంటి ప్లానూ ఈ ఊళ్లకు పనికిరాదు.

నల్లమలలో చెంచులుండే పెంటల సంగతి వేరు. అక్కడికి సిమెంటు బస్తా చేరాలన్నా దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండానే. మన్ననూరు ఐటీడీఏ ఇల్లు మంజూరు చేసినా అటవీశాఖతో మాట కలవాలి. 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ చెంచుల వంటి ఆదిమ తెగలకు ఇంటికి రూ. 2 లక్షలిస్తుంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ), తాను కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేర రాయించిన సంస్థ, చెంచుల మధ్య కూడా పనిచేసింది.

ఇక పాలమూరు వలస కూలీలు. ఊళ్ల పేర్లు తెలియని డ్యాములకూ, ముంబయి మేడలకూ రాళ్లు మోసినవాళ్లు. సర్వే రోజున ఇంటికి తాళం ఉంటే జాబితాలో పేరుండదు. పండక్కి వచ్చిన నాలుగు రోజుల్లో పునాది తవ్వితే, గోడలు మళ్లీ ఏడాదికి.

జాగ లేనివారు

గ్రామకంఠంలో తాతల నాటి ఇంట్లో ఉంటున్నా చేతిలో కాగితం లేనివాళ్లు చాలామంది. 2014 డిసెంబరు నాటి జీవో 58 ప్రభుత్వ స్థలంలో ఇల్లు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించింది. అసలు జాగే లేనివాళ్లకు అది వర్తించదు. ఇందిరమ్మ దరఖాస్తుల్లో జాగ ఉన్నవాళ్లను ఎల్1 జాబితాలో, ఇల్లూ జాగా రెండూ లేనివాళ్లను ఎల్2లో చేర్చారు. తొలి విడత ఎల్1కే దక్కింది. దరఖాస్తు పెట్టినవారు తమ పేరు ఏ జాబితాలో పడిందో పంచాయతీ కార్యదర్శి దగ్గర చూసుకోవడం మంచిది.