ఎవరి పాపం? యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయానికి నెక్కొండ నుంచి ఒక వ్యాఖ్యానం

యోహాను సువార్త 9వ అధ్యాయంలో 41 వచనాలున్నాయి. పుట్టుకతో చూపు లేని మనిషికి యేసు చూపు ఇవ్వడం మొదటి 7 వచనాల్లోనే అయిపోతుంది. మిగతా 34 వచనాల్లో ఎక్కువ భాగం విచారణే. ఇరుగుపొరుగు అడుగుతారు, పరిసయ్యులు అడుగుతారు, తల్లిదండ్రులను పిలిపించి అడుగుతారు, మళ్లీ అతన్నే నిలబెట్టి అడుగుతారు. చూపొచ్చిందని సంతోషపడ్డవాడు వాళ్లలో ఒక్కడూ కనబడడు. పత్తి, మిర్చి వేసే నెక్కొండ పల్లెల్లో, అప్పుల బాధతో మనిషి పోయిన ఇంటిముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఈ అధ్యాయమే గుర్తొస్తుంది.

దారిన పోతూ: యేసు దారిన పోతుంటే ఆ మనిషి కనబడ్డాడు. యెరికో దగ్గర గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసి పిలిచినట్టు ఇతను పిలవలేదు, ఏమీ అడగలేదు. బాధలో ఉన్నవాడే ముందు నోరు తెరవాలన్న షరతు ఇక్కడ లేదు.

పుట్టుగ్రుడ్డి: ఓరుగల్లు సీమ క్రైస్తవులు ఈ మాట దగ్గర ఆగి తీరాలి. నెక్కొండలో విజయవాడ వైపు రైలెక్కితే కేసముద్రం, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆ డోర్నకల్ మేత్రాసనానికే పనిచేశారు. ఆయన కాలంలో సంఘంలోకి వచ్చినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగలు. పుట్టుకే తప్పని ఊరు తీర్పు చెప్పిన మనుషులు. బావి దగ్గరికి రానివ్వకపోయినా, వెట్టి చేయించుకున్నా ఊరు చెప్పిన కారణం ఒక్కటే: పోయిన జన్మలో చేసుకున్నది అనుభవిస్తున్నారు. పుట్టుకను చూసి పాపాన్ని లెక్కగట్టొద్దని చెప్పే ఈ అధ్యాయం వాళ్లకు ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇవాళ ఇంకొకరి కష్టాన్ని చూసి "ఏం పాపం జేసుకున్నడో" అంటుంటే నా కడుపు తరుక్కుపోతుంది.

ఎవరి పాపం: ఇతను గుడ్డివాడిగా పుట్టడానికి ఇతను పాపం చేశాడా, కన్నవాళ్లా అన్న ఈ ప్రశ్న వేసింది శత్రువులు కాదు, శిష్యులు. భక్తిగలవాళ్లకే ముందుగా తట్టే ప్రశ్న ఇది. యోబు స్నేహితులు కూడా భక్తులే. ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు విప్పాక చేసింది గాయాన్ని కెలకడమే.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. అకాల వర్షాలు, పురుగు ఉధృతి, పనిచేయని మందులు, ఎరువుల దుకాణంలోనే అప్పు తెచ్చి పంటను మళ్లీ ఆ సేటుకే తూచే పద్ధతి, ఇవన్నీ కలిసి కుటుంబాలను కూల్చాయి. అలాంటి ఇంటిముందు టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని జనం మాట్లాడుకునేది మాత్రం వేరు. "ఎన్ని లక్షల అప్పున్నదట?" "బిడ్డ పెండ్లికి గంత ఖర్చెందుకు వెట్టాలె?" "తాగుడు గూడ ఉండె." విశ్వాసులం ఇంకాస్త ముందుకు పోతాం: ప్రార్థన తగ్గింది, దశమభాగం ఇయ్యలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న అతని భార్యకు ఇవన్నీ వినబడతాయి. ఈ ప్రశ్నలు ఆమె కోసం అడిగేవి కావు. అతనిలో ఒక తప్పు దొరికితే, అది నాలో లేదు కాబట్టి నా ఇంటికి ఆ గతి పట్టదని ధైర్యం చెప్పుకోవడానికే అడుగుతాం.

సంఘం కూడా ఈ తప్పు చేసింది. ఇలా పోయినవాళ్లకు సమాధి ఆరాధన జరపకూడదని 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం నియమం పెట్టింది. కతోలికుల 1917 నాటి ధర్మశాస్త్రమూ బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవాళ్లకు అదే చెప్పింది. 1983లో దాన్ని తీసేశారు. తీవ్రమైన మనోవేదన ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ, అతని రక్షణ విషయంలో ఆశ వదులుకోవద్దనీ 1992 నాటి కతోలిక సత్యోపదేశం బోధిస్తోంది. 2017 నాటి మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా భావించాలని, శిక్షించకుండా ఆదుకోవాలని చెబుతుంది. చట్టం ఇంత దూరం వచ్చాక కూడా మన ప్రసంగ వేదికల్లో కొన్ని వెనకబడే ఉండటం బాధాకరం.

దేవుని క్రియలు: అతనూ కాదు, కన్నవాళ్లూ కాదు అన్నాక, దేవుని క్రియలు అతనిలో కనబడడానికే అని యేసు చెప్పిన మాట ఇది. ఇక్కడ ఒక చిక్కుంది. తన మహిమ చూపుకోవడానికి దేవుడు ఒక పసివాణ్ణి గుడ్డివాడిగా పుట్టించాడా? పాత గ్రీకు ప్రతుల్లో విరామ చిహ్నాలు దాదాపు ఉండవు. అందుకే కొందరు వ్యాఖ్యాతలు ఈ మాటను తర్వాతి వచనంతో కలిపి చదువుతారు: దేవుని క్రియలు కనబడాలంటే పగలుండగానే మనం పని చేయాలి. నాకు ఈ చదువే సరైనదనిపిస్తుంది. కారణం వెతకడం ఆపి పనికి దిగమంటున్నాడు.

అలా పనికి దిగినవాళ్లు తెలుగునేల మీదే ఉన్నారు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. కూలి కోసం, గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ముందు అన్నం, ఆ తర్వాతే విశ్వాసం గురించిన మాట. బాప్తిస్మాలు మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

ఉమ్మి, మన్ను: బురద చేసి తన చేత్తో కళ్లకు పూశాడు. ముట్టుకున్నాడు. అంతకు మించి చెప్పనక్కర్లేదు.

సిలోయము: కళ్లు కడుక్కొమ్మని యేసు అతన్ని పంపిన కోనేరు. యెరూషలేములో దాని మెట్లు 2004లో బయటపడ్డాయి. ఇదే సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయంలో ఉంది. వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులనుకోవద్దని యేసు అక్కడా తెగేసి చెప్పాడు.

తల్లిదండ్రులు: కొడుక్కి చూపొచ్చిన రోజున కూడా వాళ్లు భయపడ్డారు. వాడు పెద్దవాడు, వాణ్ణే అడగమని తప్పుకున్నారు. సమాజమందిరం నుంచి వెలివేస్తారని భయం. వాళ్లను పిరికివాళ్లనే ప్రసంగాలు విన్నాను, నేను అనలేను. పదిమందిలో దోషిగా నిలబడ్డ కుటుంబం ఎలా మాట్లాడుతుందో మన ఊళ్లలో తెలుసు. రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబానికి లక్షన్నర సాయం ఇవ్వడానికి 2004లో 421 నంబరు జీవో వచ్చింది. అది నిజంగా రైతు ఆత్మహత్యేనా అని తేల్చడానికి ఆర్డీవోతో కూడిన ముగ్గురు అధికారుల కమిటీ పెట్టారు. పట్టా పాసుపుస్తకం చూపాలి, అప్పుపత్రాలు చూపాలి. కౌలుకు చేసినవాడికి పాసుపుస్తకం ఉండదు. సేటు దగ్గరి అప్పు తెల్లకాగితం మీద నాలుగు అంకెలే. మొగుడు పోయిన ఆడమనిషి అతని మరణాన్నీ రుజువు చేసుకోవాలి. 2018లో వచ్చిన రైతుబీమా ఇందులో మెరుగు. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా 5 లక్షలు ఇస్తుంది. ఎందుకు చనిపోయాడని నిలదీయదు. అయితే అదీ పట్టాదారుకే. కౌలురైతు భార్య గడప దగ్గరే ఆగిపోతుంది.

కనుగొని: చూపొచ్చిన ఆ మనిషిని వెలివేశారని యేసు విన్నాడు, వెళ్లి కలుసుకున్నాడు. మొదటిసారి దారిలో కనబడ్డ మనిషిని ఈసారి పనిగట్టుకుని వెతికాడు. రైతు పోయిన ఇంటికి మనం మూడోనాటి ప్రార్థనకు వెళ్తాం, అన్నం తిని వస్తాం. అతని భార్యకు మనిషి తోడు కావలసింది మూడో నెలలో. మండలాఫీసుకు కాగితాలు పట్టుకుపోయేటప్పుడు, పిల్లల ఫీజు కట్టాల్సినప్పుడు, అప్పిచ్చినవాడు వచ్చి వాకిట్లో నిలబడ్డప్పుడు ఇద్దరు సంఘపెద్దలు పక్కనుంటే ఆమె మాట నిలబడుతుంది. అదే వాడకట్టులో అప్పు దిగులుతో నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతున్న మరో రైతు ఉండొచ్చు. అతను ఇంకా బతికే ఉన్నాడు. అతని ఇంటికి ఇవాళే పోవాలి, ఎంత అప్పని అడగకుండా కూర్చోవాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చని చెప్పి, అతను సరేనంటే పక్కనే ఉండి చేయించాలి.