ఇతరుల రాతను దిద్దే మర్యాద: పుట్టుపూర్వోత్తరాలు

నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గరి చెరుకు రైతు ఒకాయన నలుగురూ చదివే చోట ఒక ప్రశ్న పెట్టాడనుకుందాం. “మా పది గుంటల చెరుకుల గడ చీలిస్తే లోపల ఎర్రగున్నది, పుల్లటి వాసన వస్తున్నది. ఏం చేయాలె?” దాన్ని దిద్దే వీలున్న మరొకరు, కోస్తా జిల్లా మనిషి, చూశారు. సాయం చేద్దామనే “గుంటల” తీసేసి “సెంట్ల” అని పెట్టారు. “ఏం చేయాలె”ను “ఏం చేయాలి” చేశారు. “చెరుకు సమస్య” అని ఉన్న శీర్షికను “చెరుకు గడ లోపల ఎర్రబడటం, పుల్లటి వాసన” అని మార్చారు.

ఈ మూడు దిద్దుబాట్లూ ఒక్కలాంటివి కావు. శీర్షిక మార్చడం మంచి పని. రేపు ఇవే లక్షణాలతో, అంటే ఎర్రకుళ్ళు తెగులుతో, సతమతమయ్యే రైతు వెతికితే ఈ ప్రశ్న దొరుకుతుంది. గుంటను సెంటు చేయడం మాత్రం పొరపాటు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. పది గుంటలంటే పావెకరం, పది సెంట్లంటే ఎకరంలో పదోవంతు. జవాబు చెప్పేవారు ఆ లెక్కన మందు చెబితే రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఇక “చేయాలె”ను “చేయాలి” చేయడం వల్ల అర్థం చెడలేదు. కానీ అడిగిన మనిషి గొంతు పోయింది. అవసరం లేకుండా పోయింది.

ఇతరుల రాతను అందరి ముందూ దిద్దే వీలు ఇంటర్నెట్‌లో మొదట కల్పించినవాడు అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్. 1995 మార్చిలో ఆయన పెట్టిన వికీలో ఏ పేజీనైనా ఎవరైనా మార్చవచ్చు. 2001 జనవరిలో వికీపీడియా ఆ పద్ధతినే విజ్ఞానసర్వస్వానికి వాడుకుంది. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టిన స్టాక్ ఓవర్‌ఫ్లో దాన్ని ప్రశ్నలకూ జవాబులకూ తెచ్చింది. అక్కడ 2,000 పాయింట్లు సంపాదించినవారు నేరుగా దిద్దవచ్చు, తక్కినవారి సూచనలను ఇతరులు చూసి ఒప్పుకోవాలి. భాష బాగుచేయండి, అస్పష్టంగా ఉన్నది తేటపరచండి, రాసినవారి ఉద్దేశం మాత్రం మార్చకండి అన్నది అక్కడి కట్టుబాటు.

ఈ కట్టుబాటు కంప్యూటర్లతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. తెలుగులో దీనికి ఆరేడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. నడుమ మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఎఱ్ఱన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి, తన హరివంశాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కానీ అరణ్యపర్వశేషాన్ని మాత్రం మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడి పేరనే నడిపాడు. మొదలుపెట్టిన మనిషి ఎవరికోసం రాశాడో ఆ ప్రభువునే ఉంచాడు. ఎత్తుగడ నన్నయ శైలిలో ఉంటుంది, పోనుపోను తిక్కన నడకకు దగ్గరవుతుంది. చదివేవారికి అతుకు తగలదు. అయినా తాను పూరించిన సంగతి దాచలేదు, చివర చెప్పుకున్నాడు. మరొకరి రాతలో చెయ్యి పెట్టేవారికి ఇంతకన్నా పెద్ద పాఠం నాకు ఎక్కడా కనపడలేదు.

పోతన భాగవతం విషయంలో జరిగింది వేరు. శిథిలమై పోయాయంటున్న భాగాల్లో అయిదో స్కంధాన్ని గంగన, ఆరో స్కంధాన్ని సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలను వెలిగందల నారయ పూరించారు. ఎవరి భాగంలో వారి పేరు ఉంది. పోతన పేరు చాటున ఎవరూ దాక్కోలేదు. అందుకే ఏది పోతన పద్యమో, ఏది కాదో ఈనాటికీ భేదం తెలుస్తోంది.

పేరు పెట్టని చేతుల వల్ల ఏమవుతుందో వేమన పద్యాలను చూస్తే తెలుస్తుంది. మకుటం తెలిసిన ప్రతివారూ ఒక పద్యం కట్టి చివర వేమన పేరు తగిలించారు. కొందరు ఉన్న పద్యంలో మాటలు మార్చారు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేసినప్పుడు 693 పద్యాలు. మరిన్ని ప్రతులు సేకరించి 1839లో మళ్ళీ వేసేసరికి 1,164 అయ్యాయి. వీటిలో వేమనవి ఎన్ని అన్న ప్రశ్నకు పండితులు తలలు బద్దలు కొట్టుకుంటూనే ఉన్నారు. చేర్చినవారిలో చెడ్డ ఉద్దేశం ఉందనుకోను. అభిమానంతోనే చేర్చి ఉంటారు. చేర్చిన జాడ లేకపోవడమే అసలు నష్టం.

తాళపత్రాల లేఖకులకు చేతులు మారేకొద్దీ రాత చెడుతుందన్న భయం తెలుసు. ప్రతి చివర తప్పులుంటే మన్నించండి, దిద్దుకోండి అని పాఠకుడిని వేడుకునేవారు. తరవాత వచ్చిన పరిష్కర్తలు నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, తమకు నచ్చిన పాఠం పైన ఉంచి, మిగిలినవాటిని పాఠాంతరాలుగా అడుగున వేశారు. కాదన్నదాన్ని కూడా పారేయకుండా చదువరికి చూపించడం ఎంత గొప్ప సంస్కారమో చెప్పలేను. నేటి వికీలో “చరిత్ర” నొక్కితే పాత కూర్పులన్నీ తేదీలతో సహా కనిపించే ఏర్పాటు సరిగ్గా ఈ పనే చేస్తుంది.

దిద్దడానికీ కాదనడానికీ తేడా తెలిపే సంగతి ఒకటి తెలంగాణలోనే జరిగింది. ఇక్కడ తెలుగు కవులు లేరని ముడుంబై వెంకట రాఘవాచార్యులు అన్నారు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు మండిపడి ఊరుకోలేదు. నిజాం రాజ్యంలోని జిల్లాల నుంచి కవితలు రప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. ఎదుటివారి మాట అలాగే ఉంది, దానికి జవాబు పక్కన నిలిచింది. ప్రశ్నోత్తరాల వేదికల మీద నేను అందరికీ చెప్పాలనుకునేదీ ఇదే. జవాబు తప్పనిపిస్తే దాని పొట్ట చీల్చి మన అభిప్రాయం కుక్కకూడదు. ఆధారాలతో ఇంకో జవాబు రాయాలి. ఒకరి సంతకం కింద మన మాట ఉండటం ఆ మనిషికి అన్యాయం, చదివేవారికి మోసం.

చెరిపివేత సంగతి నిజామాబాద్‌కు బాగా తెలుసు. నిజాం కాలంలో అక్కడి ఇందూరు ఖిల్లాలోని జైల్లో ఖైదీగా ఉన్న కవి దాశరథి కృష్ణమాచార్యులు పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. అధికారులు తుడిపిస్తే మళ్ళీ రాశారని చెబుతారు. అక్కడ తుడిచినవారి చేతిలో అధికారం ఉంది, కారణం చెప్పే పని వారికి లేదు. దిద్దే అధికారం ఉన్న ఎవరైనా, చిన్న పేజీ మీదైనా సరే, కారణం రాయకుండా ఒకరి పేరా మొత్తం ఎత్తేస్తే రాసినవారికి కలిగే బాధ ఆ జాతిదే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. అక్కడ స్థిరపడిన మాటలు వింటే మన ఊరి పద్ధతులే గుర్తొస్తాయి. అందరూ మాట్లాడుకునే చోటు రచ్చబండ. చిన్న వ్యాసం మొలక. ఏం మార్చామో, ఎందుకు మార్చామో ఒక్క వరుసలో చెప్పేది దిద్దుబాటు సారాంశం. కొత్తవారు చాలామంది ఈ గడిని ఖాళీగా వదిలేస్తారు. నా దృష్టిలో పేజీ మొత్తంలో ముఖ్యమైన గడి అదే. “అచ్చుతప్పు” అని ఒక్క ముక్క రాసినా, మొదట రాసినవారికి మనసు కుదుటపడుతుంది. ఇద్దరు మొండికేసి ఒకరి మార్పు ఒకరు తిప్పేస్తుంటే అది దిద్దుబాటు యుద్ధం. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిప్పేయకూడదని ఇంగ్లిష్ వికీపీడియా నిబంధన పెట్టుకుంది.

తెలంగాణ ఊళ్ళ పేజీలకు 2014 నుంచి దిద్దుబాట్ల తాకిడి ఎక్కువైంది. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా విడిపోయింది. ఊరు కదల్లేదు, చిరునామా రెండుసార్లు మారింది. ఇలాంటి మార్పులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు చూపితే చాలు.

చిక్కంతా బోధన్ లాంటి ఊరి పేజీతోనే. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని ఊళ్ళో పెద్దలంటారు. 941 ప్రాంతంలో వేములవాడ అరికేసరి కొలువులో విక్రమార్జున విజయం రాసిన కన్నడ ఆదికవి పంప సమాధి ఇక్కడే ఉందని కొందరు పరిశోధకులంటారు. మొదటిది జనం నమ్మకం, రెండోది వాదం. రెండింటినీ చరిత్ర అని రాసినవారి మీద కోపంతో రెండూ కొట్టేయడం తేలిక. ఎవరు అంటున్నారో చేర్చి ఉంచడం కష్టం, కానీ అదే సరైన పని.

అలాగే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. “ఫ్యాక్టరీ ఉంది” అన్నచోట “ఉండేది” అని మార్చడానికి అరనిమిషం పట్టదు. ఆ మార్పు జీతం పోయిన కార్మికుడు చదువుతాడు, తెరిపించమని అడుగుతున్నవారూ చదువుతారు. మూతపడిందనాలా, ఉత్పత్తి ఆగిందనాలా, లే ఆఫ్‌లో ఉందనాలా అన్నది వ్యాకరణంతో తేలదు. ఆ పేజీ చర్చలో ముందు ప్రశ్న పెట్టాలి. అక్కడ పనిచేసినవారికి, చెరుకు తోలినవారికి జవాబు చెప్పే వ్యవధి ఇవ్వాలి. వారు చెప్పినదానికి పత్రిక కథనమో, కాగితమో దొరికితే వాక్యం మార్చాలి. దొరికేదాకా పాత వాక్యం అలాగే ఉంచి, పక్కన “ఆధారం చూపాలి” అన్న గుర్తు పెట్టాలి.