భ్రుకుటిని సడలించు సూదిమందు

నగరమందలి ఇతర పేటలవలెనే ఉప్పల్, నాచారము ప్రాంతములలోను నేడు చర్మవైద్యశాలలు వెలసినవి. నుదుటి ముడుతలను పోగొట్టు 'బొటాక్స్' అను సూదిమందు పేరు గృహములలో సయితము వినవచ్చుచున్నది. అయితే అది పుట్టుకచే ఒక ఘోరవిషమని ఎరిగినవారు కొలదిమందియే. ఆ విషము ఔషధమైన వృత్తాంతము తెలిసికొనదగినది.

19వ శతాబ్ది ఆరంభమున జర్మను దేశమందలి వుర్టెంబర్గు రాజ్యములో, చెడిన మాంసపు సాసేజీలు తిని పలువురు మరణించిరి. కనురెప్పలు వాలుట, మ్రింగుడు పడకపోవుట, తుదకు ఊపిరి నిలిచిపోవుట ఆ రోగలక్షణములు. జస్టినస్ కెర్నర్ అను వైద్యుడు 1820, 1822 సంవత్సరములలో దీనిని సవిస్తరముగా వర్ణించెను. ఆ విషమును స్వల్పముగా తానే పుచ్చుకొని పరీక్షించెను. నరముల అతిచాంచల్యమును అణచుటకు ఇదియే మితమైన మోతాదులో మందు కావచ్చునని ఊహించెను. ఆ ఊహ ఫలించుటకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది.

1895లో బెల్జియమునందలి ఒక గ్రామమున, అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాండ్రు పందిమాంసము తిని జబ్బుపడగా ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాంసములో, గాలి సోకనిచోట పెరుగు సూక్ష్మజీవిని కనుగొనెను. ఆ జీవి పుట్టించు విషము నరము చివరనుండి వెలువడు అసిటైల్‌కోలిన్ అను ద్రవ్యమును ఆపివేయునని 1949లో తేలినది. అంతట నరముయొక్క ఆజ్ఞ కండరమునకు చేరదు; కండరము సడలును. మూడు నాలుగు నెలలలో నరము మరల పనిచేయును గనుక ఫలము తాత్కాలికమే.

కెర్నర్ ఊహను నిజము చేసినవాడు అమెరికా నేత్రవైద్యుడగు ఆలన్ స్కాట్. మెల్లకన్ను గలవారికి శస్త్రచికిత్సకు మారుగా, కంటి కండరములో ఈ మందును అత్యల్పముగా ఎక్కించి, 1980లో ఫలితములు ప్రకటించెను. 1989లో అమెరికా ప్రభుత్వము మెల్లకన్నునకు, రెప్పలు తమంత బిగిసిపోవు వ్యాధికి దీనిని అనుమతించెను. పిమ్మట మెడ వంకరపోవు జబ్బునకు, పక్షవాతమున బిగిసిన చేతికి, దీర్ఘకాలపు పార్శ్వపు తలనొప్పికి కూడ అనుమతి లభించెను.

అలంకారమునకు త్రోవ అనుకోకుండ తెరచుకొన్నది. 1987లో కెనడాలోని వాంకూవర్ నగరమున జీన్ కారుథర్స్ అను నేత్రవైద్యురాలు, రెప్పల జబ్బునకు ఈ మందు పొందిన రోగికి కనుబొమల నడిమి ముడుతలు తగ్గుట గమనించెను. మన కవులు కోపమునకు గుర్తుగా చెప్పు భ్రుకుటి అదియే. చర్మవైద్యుడగు భర్తతో కలిసి ఆమె 1992లో ఈ సంగతి ప్రకటించెను. 2002లో అమెరికాలో ఈ వినియోగమునకును అనుమతి వచ్చెను.

మందును నమ్ముటలోను జాగరూకత వలయునను పాఠము హైదరాబాదునకు క్రొత్తది కాదు. 1888, 1889లలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పోషణమున క్లోరోఫామ్ కమిషన్లు ఇచట పరీక్షలు జరిపినవి. శ్వాసను కనిపెట్టియున్నచో గుండెకు భయము లేదని ఎడ్వర్డ్ లారీ మొదలగు వైద్యులు తీర్మానించిరి. ఆ మందు గుండెను నేరుగా ఆపగలదని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు చూపెను.

ఈ సూదిమందు విషయమునను అట్టి మెలకువ అవసరము. తప్పుచోట పడినచో రెప్ప వాలవచ్చును. మందు ప్రభావము శరీరమున ఇతర భాగములకు వ్యాపింపవచ్చునని 2009లో అమెరికా ప్రభుత్వము హెచ్చరిక చేర్పించెను. కావున అర్హతగల వైద్యునిచేతనే పొందవలెను. సీసాపై పేరు, గడువు చూడవలెను. గర్భిణులు, కండరముల బలహీనత గలవారు ముందుగా ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను. పిదప మ్రింగుటకో, ఊపిరి పీల్చుటకో కష్టమైనచో తక్షణము ఆసుపత్రికి పోవలెను.

బిగిసిన పిడికిలి విప్పి చేయి కడుగుకొనగోరు రోగికి ఈ మందు అవసరము. నుదుటి ముడుత పోగోరువారికి ఇది ఇష్టము. సీసాలోనిది మాత్రము ఇద్దరికిని ఒక్కటే. వలయు జాగ్రత్తయు ఒక్కటే.